ఆడిటరు గారి ఆఫీసా, కంపెనీయా? విజయనగరంలో నేను చేసిన ఆరు నెలల అకౌంట్స్ కోర్సుపై సమీక్ష

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఒక అకౌంట్స్ శిక్షణ సంస్థలో 2024 జూన్ మొదటి వారంలో చేరి, నవంబరు నెలాఖరుకు కోర్సు పూర్తి చేశాను. మూడు నెలలు తరగతులు, ఆరు వారాలు ఒక ఆడిటరు గారి ఆఫీసులో పని, మరో ఆరు వారాలు ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని అన్నది వారు చెప్పిన ప్రణాళిక. చెప్పింది చెప్పినట్టే జరిపించారు కాబట్టి ఆ మేరకు మెచ్చుకోవాలి. అయితే ఈ సమీక్షలో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల సంస్థ పేరు గానీ, నేను పనిచేసిన ఆఫీసు, కంపెనీల పేర్లు గానీ రాయడం లేదు. ఇలాంటి సంస్థలు ఊళ్లో ఇంకా ఉన్నాయి, వాటిలో దేనిలో చేరదలచుకున్నవారికైనా, ముఖ్యంగా నలభై దాటాక ఈ దారి పట్టేవారికి, కింది వివరాలు ఉపయోగపడతాయని ఆశిస్తున్నాను.

చేరేనాటికి నా వయసు 46. 1998లో 52 శాతం మార్కులతో బి.కాం. పాసై, రెండు మూడు చిన్న ఉద్యోగాల తరవాత ఒక మందుల కంపెనీలో మెడికల్ రిప్రజెంటేటివ్‌గా కుదిరి, బొబ్బిలి, పార్వతీపురం, రాజాం, పాలకొండ, శ్రీకాకుళం వరకు రెండు దశాబ్దాలకు పైగా తిరిగాను. మోకాళ్లు మొరాయించడం, కంపెనీవారు రెండు హెడ్‌క్వార్టర్లను (ఒక్కొక్కరు తిరగవలసిన ప్రాంతాలను) కలిపి ఒకరికే అప్పగించడం ఒకే ఏడాది జరిగాయి. కూర్చుని చేసే పని కావాలి, ఊరు వదలకూడదు, డిగ్రీ కామర్సు అన్న మూడు కారణాలతో అకౌంట్స్ వైపు చూశాను తప్ప, లెక్కల మీద చిన్ననాటి మమకారమేమీ నాకు లేదు.

ముందుగా ప్రవేశం గురించి చెప్పాలి. కౌంటరులో కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, ఒక రంగుల కాగితం చూపించింది. అందులో ఎడమవైపు ఆడిటరు ఆఫీసు, కుడివైపు కంపెనీ అని రెండు మెట్ల వరసలు గీసి, కుడివైపు మెట్ల మీద మాత్రం జీతాలు వేశారు. ఆడిటరు ఆఫీసులో రెండు మూడేళ్లు పనిచేసి తరవాత కంపెనీకి మారడమే అందరూ అనుసరించే పద్ధతి అని ఆమె వివరించింది. ఈ సలహా ఎక్కడిదో ఇంటికి వచ్చాక అర్థమైంది. అమెరికాలో పబ్లిక్ అకౌంటింగ్, కార్పొరేట్ అకౌంటింగ్ అని రెండుగా విడదీసి, డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ అనే నాలుగు పెద్ద సంస్థల్లో ఒకదానిలో ఇరవై రెండేళ్లకు చేరి, పాతికేళ్లకు కంపెనీలోకి మారే కుర్రవాళ్ల కోసం చెప్పే మాట అది. మన దగ్గర అదే విభజనను సీఏలు ప్రాక్టీస్, ఇండస్ట్రీ అంటారు, గుమస్తాలు ఆడిటరు గారి ఆఫీసు, కంపెనీ అంటారు. విజయనగరంలో ఆ నాలుగు సంస్థల బోర్డులు కనపడవు, నాకు ఇరవై రెండేళ్లూ లేవు. ఆ కాగితంలో నా వయసువాడికి సంబంధించిన మెట్టు ఒక్కటీ లేదని అప్పుడే అడిగి ఉండవలసింది.

"మీరు తలుచుకుంటే సీఏ కూడా చేయొచ్చు సార్, వయసుతో పని లేదు" అని కూడా ఆమె అంది. వయోపరిమితి లేదన్న మాట నిజమే. కామర్సు పట్టభద్రులు 55 శాతం మార్కులుంటే ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్మీడియట్‌లో నమోదు కావచ్చు, 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో సీఏ దగ్గర పనిచేస్తూ నేర్చుకునే ఆర్టికల్‌షిప్ కూడా మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. కానీ నాకు వచ్చినవి 52 శాతం. నా మార్కుల జాబితా ఆమె చేతిలోనే ఉంది, దాన్ని చూసి ఆ ఒక్క సంగతి చెప్పి ఉంటే ఆ రాత్రి ఇంట్లో నేను వేసిన ఐదేళ్ల ప్రణాళిక వేసేవాడినే కాదు. సలహా ఇవ్వడానికి కూర్చున్నవారికి ఈ మాత్రం తెలియాలి.

ఫీజు 28,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 5,040, వెరసి 33,040. రెండు వాయిదాల్లో కట్టనిచ్చారు. మొదటి వాయిదాకు ఇచ్చిన రసీదులో పన్ను వసూలు చేసినట్టు ఉంది గానీ వారి జీఎస్టీ నంబరు లేదు. రెండో వారంలో మా మాస్టారు పన్ను ఇన్వాయిస్‌లో తప్పనిసరిగా ఉండవలసిన వివరాలు బోర్డు మీద రాస్తున్నప్పుడు నేను జేబులోంచి ఆ రసీదు తీసి చూపించాను. ఆయన ఒక నిమిషం దాన్ని అటూ ఇటూ తిప్పి, నవ్వి, తరగతి అయ్యాక స్వయంగా కౌంటరుకు తీసుకెళ్లారు. నంబరుతో సరైన బిల్లు మరో వారానికి వచ్చింది.

ఇక తరగతుల విషయం. మాస్టారు మంచివారు, ఓపిక గలవారు. ఏది డెబిట్, ఏది క్రెడిట్ అన్నదాన్ని మా తాతల కాలపు జమ, ఖర్చు పద్దులతో పోల్చి చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఎక్సెల్ బాగా నేర్పారు. రెండు పట్టికల్లో ఒకే బిల్లు నంబరును వెతికి పక్కపక్కన పెట్టడం, పాతిక వేల వరసల్లో రెండుసార్లు పడిన పద్దును పట్టుకోవడం నాకు అక్కడే వచ్చాయి. తరగతిలో ఇరవై మంది దాకా ఉంటే పదిహేడు మంది అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు. వేళ్ల వేగంలో వారితో నేను పోటీ పడలేకపోయాను. ఒక పద్దు ఎందుకు అలా పడిందని అడగడంలో మాత్రం వారు నాతో పోటీ పడలేదు.

అసలు లోపం కంప్యూటర్ల దగ్గర ఉంది. సంస్థలో పద్దులు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ ప్రైమ్ మొత్తం ఎడ్యుకేషన్ మోడ్‌లో నడిచేది. ఈ మోడ్ గురించి తెలియనివారికి చెప్పాలంటే, లైసెన్సు కొనకుండా అభ్యాసం కోసం వాడుకునే ఈ పద్ధతిలో నెలలో 1, 2, 31 తేదీలకు తప్ప మరే తేదీకీ పద్దు రాయనివ్వదు. మూడు నెలల పాటు మా ఊహా వ్యాపారులు సరుకు ఒకటో తేదీన కొని, రెండో తేదీన అమ్మి, నెలాఖరున డబ్బు కట్టేవారు. ఆ లోకంలో మూడో తేదీన ఎవరూ వ్యాపారం చేయరు, చెక్కు ఆరు రోజులు ఆలస్యంగా బ్యాంకులో పడదు, పదకొండో తేదీ లోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేయాలన్న కంగారు ఉండదు, పద్నాలుగున వచ్చే 2బీలో (మనకు అమ్మినవారు చూపిన బిల్లుల పట్టికలో) సరఫరాదారు బిల్లు కనపడక ఇరవయ్యో తేదీ 3బీ (పన్ను కట్టే రిటర్ను) ముందు ఫోన్లు చేసుకోవలసిన అగత్యం ఉండదు. అకౌంట్స్ పనిలో సగం తేదీల పనే అని తరవాత రెండుచోట్లా చూశాను. ఆ సగాన్ని నేర్పించలేని కంప్యూటరు మీద నేర్చుకున్నవాడు ఆఫీసులో మొదటి వారం తెల్లమొహం వేయడంలో వింత లేదు. ఇంత ఫీజు తీసుకునేవారు కనీసం రెండు కంప్యూటర్లకైనా లైసెన్సు తీసుకుని, నిజమైన తేదీలతో ఒక నెల పద్దులు రాయించాలి.

బ్యాంకు రీకన్సిలియేషన్‌కు (మన పుస్తకాన్ని బ్యాంకు లెక్కతో సరిచూడడానికి) రెండు గంటలు, జీతాల మీద పీఎఫ్, ఈఎస్ఐలకు ఒక పూట, టీడీఎస్‌కు రెండు తరగతులు కేటాయించారు. ఇవి చాలవు. ఆడిటరు గారి ఆఫీసులో గానీ, కంపెనీలో గానీ మొదటి రోజు చేతికిచ్చేది ఇవే.

సెప్టెంబరు మొదటి తేదీలలో నన్ను గంటస్తంభానికి దగ్గరలో ఉన్న ఒక ఆడిటరు గారి ఆఫీసుకు పంపారు. ఇలా చేయడం సంస్థ తెలివో, యాదృచ్ఛికమో చెప్పలేను గానీ, ఏడాది మొత్తంలో ఆడిటు ఆఫీసును ఉన్నదున్నట్టు చూపించే నెల సెప్టెంబరే. ఆదాయపు పన్ను చట్టం కింద ఆడిటు చేయించవలసిన వ్యాపారుల నివేదికలకు నెలాఖరే గడువు కావడం వల్ల పక్క మండలాల రైసు మిల్లులు, బట్టల దుకాణాలు, సిమెంటు డీలర్లు, మందుల హోల్‌సేలర్లు అందరూ ఒకేసారి తలుపు తడతారు. ఆఫీసులో ఆరుగురం. సీనియర్ గుమస్తా ఒకాయన పాతికేళ్లుగా అక్కడే ఉన్నారు, ఆయనను అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. నాలుగో రోజున ఆయన ఒక గుడ్డ సంచీ తెచ్చి నా బల్ల మీద గుమ్మరించారు. కొనుగోలు బిల్లులు, అమ్మకం బిల్లులు, పిన్నులు గుచ్చిన క్రెడిట్ నోట్లు, పెట్రోలు చీటీలు, మధ్యలో ఎవరిదో పెళ్లి శుభలేఖ కూడా. "ఏటి మాస్టారూ, సంచీ చూసి బెంగెట్టుకున్నారా? ఇది మీ లైనుదే, మందుల పార్టీది, మీరే చూడండి" అన్నారు.

ఆ పార్టీ (ఆఫీసు వాడుకలో ఖాతాదారు) పుస్తకంలో ఒక మందుల కంపెనీ ఖాతా నిల్వకూ, ఆ కంపెనీ పంపిన స్టేట్‌మెంటుకూ 18,760 రూపాయల తేడా ఉంది. ఇద్దరు కుర్రాళ్లు అప్పటికే ఒక రోజంతా బిల్లులు టిక్కు పెట్టి వదిలేశారు. బిల్లులన్నీ సరిపోతున్నాయి కాబట్టి తేడా బిల్లుల్లో లేదు. నేను ముందుగా క్రెడిట్ నోట్లు, అంటే వెనక్కి పంపిన సరుకుకు బాకీ తగ్గించినట్టు కంపెనీ ఇచ్చే కాగితాలు, తీశాను. చిల్లర దుకాణాలు వెనక్కి ఇచ్చే గడువు తీరిన మందులను హోల్‌సేలరు మూటగట్టి డిపోకు పంపి, పంపిన రోజునే పూర్తి విలువకు పద్దు రాసుకుంటాడు. డిపోవారు వాటిని లెక్కబెట్టి, తమ నిబంధన కన్నా పాతబడిన స్ట్రిప్పులను తీసివేసి, నెలో రెండు నెలలో గడిచాక తక్కువ మొత్తానికి క్రెడిట్ నోటు ఇస్తారు. ఈ తగాదాలో ఇరవై ఏళ్లు మధ్యవర్తిగా నలిగినవాడిని నేను. జూలైలో పంపిన మూట తాలూకు క్లెయిము కాగితం అడిగించి, డిపోవారు కొట్టేసిన వరసలు కూడితే 18,760 అణా పైసలతో సహా వచ్చింది. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని ఆ కాగితం ఒకటికి రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా టీ చెప్పారు. ఆ కోర్సు మొత్తానికి నాకు దక్కిన మార్కులు అవే అనుకుంటాను.

ఈ ఆఫీసులో నాకు నచ్చిన రెండో విషయం, చేసిన పని మళ్లీ నా దగ్గరికి తిరిగి రావడం. నేను కూర్చిన ప్రతి ఫైలునూ ఆడిటరు గారు రాత్రి చూసి, పెన్సిలుతో అంచున ప్రశ్నలు రాసి ఉదయానికి నా బల్ల మీద పెట్టించేవారు. ఈ రిపేరు ఖర్చా, యంత్రం కొనుగోలా? ఈ కాంట్రాక్టరుకు టీడీఎస్ ఎందుకు కోయలేదు? ఈ నగదు చెల్లింపు ఒక రోజులో ఒకే మనిషికి 10,000 దాటిందా? మొదటి ఫైలుకు ఇలాంటివి ముప్ఫై ఒకటి వచ్చాయి, ఆరో ఫైలుకు తొమ్మిది. నలభై ఆరేళ్లవాడి తప్పును మొహమాటపడకుండా దిద్దేవారు దొరకడం కష్టం. చాలామంది వయసు చూసి ఊరుకుంటారు, ఊరుకుంటే మనం నేర్చుకోము.

కష్టాలు చెప్పకపోతే సమీక్ష సగమే అవుతుంది. సెప్టెంబరు చివరి పది రోజులు రాత్రి పదిన్నర లోపు ఇంటికి చేరలేదు. పోర్టల్ నడవదు, నడిచినప్పుడు పార్టీ ఓటీపీ చెప్పడు. తీరా 30వ తేదీ దగ్గరపడ్డాక గడువును అక్టోబరు 7 వరకు పొడిగించారన్న కబురు వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకుంటారని అనుకున్నాను గానీ, పెద్దాయన మాత్రం, "ఏడు రోజులు పొడిగిత్తే పార్టీలు ఎనిమిదో రోజుకి వస్తారు బాబూ" అన్నారు, అన్నట్టే ఆరో తేదీ సాయంత్రం ఒక మిల్లు యజమాని తీరిగ్గా సంచీతో దిగాడు. ఆ నెల నాకు భత్యంగా ఇచ్చింది 6,000 రూపాయలు. కోర్సు తరవాత ఉద్యోగంలోకి తీసుకుంటే 12,000 అన్నారు. పీఎఫ్ లేదు. ఆఫీసులో పనిచేసేవారి సంఖ్య ఇరవైకి చేరనిచోట పీఎఫ్ తప్పనిసరి కాదని, మేం ఆరుగురమేనని అక్కడే నేర్చుకున్నాను. సిరిమానోత్సవానికి మాత్రం ముందురోజు, తొలేళ్ల సోమవారం మధ్యాహ్నం నుంచే ఆఫీసు మూసేశారు, ఊళ్ల నుంచి వచ్చిన పార్టీలు కాగితాలకు బదులు పళ్లూ కొబ్బరికాయలూ పట్టుకుని ఆడిటరు గారి ఇంటికి వెళ్లడం చూశాను.

పండుగ మర్నాటి నుంచి కంపెనీ. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపున్న ఒక మందుల తయారీ కర్మాగారంలో చెల్లింపుల విభాగం. ఉదయం ఏడు దాటగానే కంపెనీ బస్సు, చల్లటి గది, రెండు తెరల కంప్యూటరు, మధ్యాహ్నం క్యాంటీన్ భోజనం. ఇరవై ఏళ్లు మందులు అమ్మినవాడిని కాబట్టి అవి తయారయ్యే చోట నా అనుభవం ఇంకా ఎక్కువ పనికొస్తుందని అనుకున్నాను. అది పొరపాటు. నాకిచ్చిన పని ఒక్కటే: పర్చేజ్ ఆర్డరు, గేటులో సరుకు అందినట్టు రాసిన జీఆర్ఎన్, సరఫరాదారు బిల్లు, ఈ మూడూ కలుస్తున్నాయో లేదో చూసి ఎస్ఏపీ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ముందుకు పంపడం. ఒకరోజు మెథనాల్ ట్యాంకరు ఒకటి బిల్లు ప్రకారం ఉండవలసినదాని కన్నా కాటా దగ్గర 60 కిలోలు తక్కువ తూగింది. ఎందుకు తగ్గిందో కనుక్కుందామని నేను కాటా గదికి బయలుదేరబోతే, పక్క కుర్రవాడు ఆపి, ఒప్పందంలో రాసుకున్న పరిమితి దాటిన తరుగు కనుక సిస్టమే బిల్లును ఆపేస్తుందని, తగ్గిన మేరకు బిల్లులో కోత వేసే డెబిట్ నోటు కొనుగోళ్ల విభాగం వేస్తుందని, మనం చేయవలసింది కారణాల జాబితాలో మూడోది ఎంచుకోవడమేనని చెప్పాడు. పద్ధతి పకడ్బందీగా ఉంది, తప్పు జరిగే సందు లేదు. నాకు తెలిసింది ఉపయోగపడే సందు కూడా లేదు.

నా పై అధికారి 28 ఏళ్ల సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్), నరసన్నపేట కుర్రవాడు. మొదటి రోజు అలవాటుకొద్దీ అంకుల్ అని పిలిచి నాలుక కరుచుకున్నాడు. "మీరు నన్ను సార్ అనకండి, నేను మిమ్మల్ని అంకుల్ అనను" అని తనే ఒప్పందం కుదిర్చాడు, ఆ తరవాత ఇద్దరం ఒకరినొకరు గారు అనుకున్నాం. వయసులో చిన్నవారి కింద పనిచేయడం కష్టమని అందరూ బెదిరిస్తారు గానీ నాకు అది సమస్యే కాలేదు. అతను ఓపిగ్గా చెప్పేవాడు, కాకపోతే చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే తప్పు చేస్తే ఎర్ర గీత తెర మీదే వస్తుంది. ఎర్ర గీత ఏది తప్పో చెబుతుంది గానీ ఎందుకు తప్పో చెప్పదు.

కంపెనీ వైపున్న మేలు కూడా నిజాయితీగా రాయాలి. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 31న, సరిగ్గా నెలాఖరున వచ్చింది. నెలవారీ ముగింపు కారణంగా మా గదిలో ముగ్గురు ఆ రోజు సాయంత్రం ఐదు వరకు ఉన్నారు, మిగిలినవారికి సెలవే. ముగింపు మూడు పనిదినాల్లో అయిపోయింది, ఆ తరవాత ఐదున్నర బస్సు ఎవరికీ తప్పలేదు. చిన్న, సూక్ష్మ పరిశ్రమల బిల్లులను ఎప్పుడు దాఖలయ్యాయో వరస పెట్టి, ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించే జాబితా నేనే చూసేవాడిని. గడువు దాటితే, డబ్బు కట్టిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపుకోలేమన్న నిబంధన వచ్చాక ఈ జాబితాకు ప్రాముఖ్యం పెరిగింది. ఒక నిబంధన అంత పెద్ద యంత్రాంగాన్ని ఎలా కదిలిస్తుందో అక్కడ చూసినంత స్పష్టంగా ఆడిటు ఆఫీసులో చూడలేం. నవంబరులో హైదరాబాదు నుంచి ఇంటర్నల్ ఆడిటు బృందం వచ్చినప్పుడు, నెల కిందట నేను పార్టీలను అడిగిన కాగితాలనే వారు నన్ను అడగడం వల్ల, అడిగేవాడి తొందర, వెతికేవాడి విసుగు రెండూ ఒకే సీజనులో అనుభవానికి వచ్చాయి. శిక్షణ సంస్థ చేసిన మంచి పనుల్లో ఈ వరస ఒకటి: ముందు ఆడిటు ఆఫీసు, తరవాత కంపెనీ.

కంపెనీ నాకు 19,000 ఇస్తానంది. పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం 15,000 కనుక నా వంతు 12 శాతం 1,800, ఈఎస్ఐ 0.75 శాతం 143, వృత్తిపన్ను 150 పోగా చేతికి 16,907. కంపెనీ వంతు పీఎఫ్ వేరే, ఇంటిల్లిపాదికీ ఈఎస్ఐ వైద్యం వేరే. ఎదురుగా 12,000, ఏ కోతా లేదు, ఏ భద్రతా లేదు. మా ఆవిడ ఈ రెండంకెలూ కాగితం మీద చూసి, "ఇందులో ఆలోచించడానికి ఏముంది?" అంది. మూడు రోజులు ఆలోచించి నేను 12,000 వైపు వెళ్లాను.

కారణం త్యాగబుద్ధి కాదు, లెక్కే. కంపెనీలో నా బల్ల మీదకు వచ్చేది పనిలో ఒక ముక్క. ఆ ముక్కలో ఐదేళ్లకు నేను ఎంత ప్రవీణుడినైనా పై మెట్టు సీఏకో, సీఎంఏకో వెళుతుంది, వెళ్లడం న్యాయమే. యాభై ఒకటో ఏట కంపెనీ ఆ ముక్కను హైదరాబాదులోని కేంద్ర కార్యాలయానికి తరలిస్తే నాకు మిగిలేది ఎస్ఏపీలో నాలుగు తెరల జ్ఞానం. ఆడిటు ఆఫీసులోనూ నా ఎదుగుదలకు కప్పు ఉంది. ఎంత చేసినా ఆడిటు నివేదిక మీద సంతకం ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉన్న సీఏదే, నాది కాబోదు. కానీ ఆ కప్పు కింద స్థలం విశాలంగా ఉంది. కామర్సు డిగ్రీ ఉన్నవాడు జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు కావచ్చు, సాయంత్రాలు రెండు దుకాణాల పుస్తకాలు రాయవచ్చు, అన్నిటికీ మించి మందుల పార్టీ ఎవరు వచ్చినా సంచీ నా బల్ల మీదకే వస్తుంది. పాత జీవితం ఏ బల్ల దగ్గర చెల్లుబాటవుతుందన్న ప్రశ్న ఇరవై రెండేళ్లవాడికి ఉండదు, నాబోటివాడికి ముందు వేసుకోవలసిన ప్రశ్న అదే. రైసు మిల్లులో పనిచేసినవారికి, కాంట్రాక్టరు దగ్గర సైటు చూసినవారికి, జీడిపప్పు వ్యాపారంలో ఉన్న పలాసవారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుందనుకుంటాను. దీనికి విరుద్ధంగా, ఇంట్లో అప్పు వాయిదాలు ఉండి నెలకు ఐదు వేల తేడా తట్టుకోలేనివారు, రాత్రి పనికి ఆరోగ్యం సహకరించనివారు, పెద్దవాళ్ల వైద్యానికి ఈఎస్ఐ అవసరమైనవారు కంపెనీకే వెళ్లాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. నాకు కూతురి ఇంటర్ ఫీజు అప్పటికే కట్టేసి ఉండడం వల్ల ఆ వెసులుబాటు దొరికింది.

2025 జనవరి నుంచి అదే ఆఫీసులో ఉన్నాను. ఆ నిర్ణయం ఎంత సరైనదో అదే ఏడాది సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు బాగా తెలిసింది. చాలా మందుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది, కొన్ని ప్రాణరక్షక మందులకు పూర్తిగా తీసేశారు. మందుల హోల్‌సేలర్లు అందరూ ఒకే ప్రశ్నతో వచ్చారు: పన్నెండు కట్టి కొన్న సరుకును ఐదుకు అమ్మితే ఆ తేడా ఏమవుతుంది? ఐదుకు అమ్మే సరుకు మీద తీసుకున్న క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను) ఖాతాలో ఉంటుందని, దాన్ని ముందుముందు కట్టవలసిన పన్నుకు సర్దుకోవచ్చని, పన్ను పూర్తిగా పోయిన మందుల నిల్వ మీద మాత్రం క్రెడిట్ వెనక్కి రాయాలని చెప్పి, బ్యాచ్ నంబర్ల వారీగా నిల్వ జాబితా ఎలా తీయాలో దుకాణం గోడౌనులో నిలబడి నేనే చూపించాను. ఏ అరలో ఏ మందు ఉంటుందో తెలిసినవాడికి అది ఒక పూట పని. ఆదాయపు పన్ను వైపు చూస్తే, 1961 చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చేటట్టు చేశారు. పాతికేళ్లుగా పెద్దాయన నోటికి వచ్చిన 194సీ, 194జే వంటి టీడీఎస్ సెక్షన్లన్నీ 393 అనే ఒక్క సెక్షను కింది పట్టికల్లోకి పోయాయి. ఆలస్యంగా వచ్చినవాడికి ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదు, ఆయనా నేనూ ఒకే పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాం.

మళ్లీ సంస్థ దగ్గరికి వస్తే, 5లో 3 ఇస్తున్నాను. ఆడిటు ఆఫీసు, కంపెనీ రెండింటినీ చూపించినందుకు రెండు, మాస్టారికి ఒకటి. ఎడ్యుకేషన్ మోడ్ కంప్యూటర్లకు, ప్రవేశ సమయంలో తెలిసీ తెలియని సలహాలకు మిగిలిన రెండూ తగ్గించాను. వందశాతం ప్లేస్‌మెంట్ అని గోడ మీద రాసినదాన్ని నమ్మకండి. నాకు రెండు అవకాశాలూ పనిచేసిన చోట్ల నుంచే వచ్చాయి, సంస్థ పంపిన మూడు ఇంటర్వ్యూలూ ముప్ఫై ఏళ్ల లోపు వారికని వెళ్లాక తెలిసింది. చేరేవారు మూడు విషయాలు ముందే రాయించుకోవాలి: పనికి పంపే ఆడిటు ఆఫీసు ఏ తరహా పార్టీలను చూస్తుంది, అక్కడ మన ఫైలు ఎవరు దిద్దుతారు, సెప్టెంబరు ఆ ఆరు వారాల్లో పడుతుందా లేదా. మార్చి బ్యాచ్‌లో చేరితే ఆడిటు సీజను తప్పిపోతుంది, జూన్ బ్యాచ్‌లోనే చేరండి.

తరగతులు ఉదయం ఏడున్నరకు, సాయంత్రం ఆరుకు రెండు విడతలుగా ఉంటాయి, ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవారికి సాయంత్రం విడత అనుకూలం. గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. నాలాగా మోకాళ్లు బాగోలేక చేరేవారు మెట్లు ఎక్కలేమని ముందే చెబితే, కింది గదిలో ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి కేటాయిస్తారు. నాకు ఆ సంగతి ఆగస్టులో తెలిసింది.